తేలికపాటి సాడిల్ బిగించే ముందు

మౌంటెన్ బైక్‌కి (కొండ దారుల సైకిల్‌కి) వంద గ్రాముల కార్బన్ ఫైబర్ సాడిల్, అంటే సీటు, కొనే ముందు తూకం లెక్క ఒకసారి వేసుకోండి. మామూలు మౌంటెన్ సాడిల్ 200 నుంచి 300 గ్రాములుంటుంది. మార్చితే తగ్గేది మహా అయితే 100, 200 గ్రాములు. మనిషీ బైకూ కలిపి 85 కిలోలనుకుంటే 150 గ్రాములంటే 0.2 శాతం కూడా కాదు. అంతే బరువు టైర్లలో తగ్గిస్తే ఇంకా బాగా తెలుస్తుంది, ఎందుకంటే అవి తిరిగే భాగాలు. అయినా సాడిలే మార్చాలనుకుంటే మార్చండి, కానీ ఈ జాగ్రత్తలు మాత్రం వదలొద్దు.

మొదట చూడాల్సింది వెడల్పు. గట్టి కుర్చీ మీద అట్టపెట్టె ముక్క వేసి, కాస్త ముందుకు వంగి కూర్చుని లేస్తే పిరుదుల ఎముకలు రెండు గుంటలు పెడతాయి. వాటి మధ్య దూరాన్ని బట్టే సాడిల్ సైజు ఎంచుకోవాలి. మెత్త లేని సాడిల్‌లో ఈ కొలత తప్పితే సర్దుకుపోయే అవకాశం లేదు. తొక్కుతుండగా తిమ్మిరి పట్టిందంటే నరాల మీద ఒత్తిడి పడుతున్నట్టే. అలవాటవుతుందిలే అని ఓర్చుకోకుండా దిగిపోండి, వంపు సరిచేయండి, తగ్గకపోతే సాడిల్ మార్చండి.

ఎక్కువ ప్రమాదం రెయిల్స్ దగ్గర, అంటే సాడిల్ కింద ఉండే రెండు కడ్డీల దగ్గర ఉంది. స్టీలు, టైటానియం రెయిల్స్ సాధారణంగా 7 మి.మీ. గుండ్రటివి. కార్బన్ రెయిల్స్ చాలావరకు కోడిగుడ్డు ఆకారంలో 7×9 మి.మీ. ఉంటాయి. గుండ్రటి రెయిల్ కోసం చేసిన క్లాంప్‌లో (రెయిల్స్‌ని పట్టి ఉంచే బిగింపులో) వీటిని ఇరికిస్తే ఒత్తిడంతా అంచు మీదే పడి కార్బన్ పీచు చిట్లుతుంది. ముఖ్యంగా పక్కల నుంచి బిగించే సీట్‌పోస్ట్ (సాడిల్‌ని మోసే గొట్టం) అయితే దానికి తగిన క్లాంప్ ముక్కలు విడిగా కొనాల్సి రావచ్చు. డ్రాపర్ పోస్ట్ (తొక్కుతూనే ఎత్తు తగ్గించుకునే సీట్‌పోస్ట్) ఉన్నవాళ్లు కొనేముందే దీన్ని చూసుకోవాలి. బోల్టును అంచనా మీద బిగించకండి. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ వాడండి, సాడిల్, సీట్‌పోస్ట్ రెండింటి మీదా రాసిన పరిమితుల్లో తక్కువదాన్నే పాటించండి. రెండు బోల్టులుంటే ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించాలి. రెయిల్ మీద గీసిన హద్దులు దాటి ముందుకో వెనక్కో జరపొద్దు.

తయారీదారు చెప్పిన రైడర్ బరువు పరిమితి, మౌంటెన్ వాడకానికి పనికొస్తుందా లేదా అన్నది మాన్యువల్‌లో చదవండి. రోడ్డు పోటీల కోసం చేసిన సాడిల్ రాళ్లున్న వాలు దారులకు తగదు. బరువు పరిమితికి మరీ దగ్గరగా ఉన్నవాళ్లు కార్బన్ వదిలేసి టైటానియం రెయిల్స్ తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. లోహం సాధారణంగా ముందు వంగి హెచ్చరిస్తుంది, కార్బన్ ఒక్కసారిగా విరగొచ్చు.

కొత్త సాడిల్ మందం తక్కువైతే సీటు ఎత్తు మారిపోతుంది. పాత ఎత్తు పెడల్ నుంచి ముందే కొలిచి పెట్టుకోండి.

పడ్డ ప్రతిసారీ, పడకపోయినా అప్పుడప్పుడూ, సాడిల్ విప్పి క్లాంప్ పట్టిన చోట చూడండి. గుడ్డతో తుడిస్తే పీచు తగులుకోవడం, గీత కనబడటం, తొక్కుతుంటే కొత్తగా కిర్రుమనడం, వీటిలో ఏది కనిపించినా బిగించి వాడకండి. ఎన్నిసార్లు పడిందో తెలియని పాత కార్బన్ సాడిల్ చవగ్గా దొరికినా కొనకండి, మీ పాతది దెబ్బతిని ఉంటే ఇంకొకరికి అమ్మకండి.