డౌన్‌టౌన్‌లో పాత భవనం కూల్చి పార్కింగ్ గరాజ్ కడతామంటే: ఫైలు చదవాల్సిన వరస

అమెరికాలో చిన్న, మధ్యతరహా ఊళ్లలో ఈ ప్రతిపాదన దాదాపు ఒకే రూపంలో వస్తుంది. మెయిన్ స్ట్రీట్ మీద వందేళ్ల నాటి ఇటుక భవనం ఒకటి ఖాళీగా పడి ఉంటుంది. పార్కింగ్ లేక దుకాణాలు మూతపడుతున్నాయని, ఆ భవనం ఎలాగూ ఇవాళో రేపో కూలేదేనని, దాన్ని తీసేసి అంతస్తుల పార్కింగ్ గరాజ్ కడతామని ఒక ఫైలు సిటీ కౌన్సిల్ ముందుకు వస్తుంది. మీరు ప్లానింగ్ కమిషన్‌లో ఉన్నా, అదే వీధిలో రెస్టారెంట్ నడుపుతున్నా, ఆనుకుని ఉన్న భవనం మీదే అయినా, ఆ ఫైలును ముందు స్థలం కొలతతో, తర్వాత పార్కింగ్ లెక్కతో, ఆ తర్వాత డబ్బుతో చదవండి. చరిత్ర సంగతి ఆ పైన. ఎక్కువమంది చరిత్రతో మొదలుపెట్టి, "సెంటిమెంట్" అన్న ఒక్క మాటతో, కౌన్సిల్ జనం మాట వినే హియరింగ్‌లో కూర్చుండిపోతారు. టేపు పెట్టి కొలిస్తే చాలా ప్రతిపాదనలు మొదటి మెట్టులోనే తేలిపోతాయి.

స్థలంలో గరాజ్ పడుతుందా

కారు నిలిపే ఒక గడి, అంటే స్టాల్, మామూలుగా 9 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. రెండు వరసల మధ్య కార్లు అటూ ఇటూ తిరగడానికి 24 అడుగుల దారి కావాలి. 18, 24, 18 కలిపితే 60. ఈ 60 అడుగుల పట్టీనే డిజైనర్లు బే అంటారు. గోడలు, స్తంభాల మందం దీనికి అదనం.

పై అంతస్తుకు వెళ్లడానికి ర్యాంప్ కావాలి. స్థలం పొదుపు కోసం రెండు బేలు పక్కపక్కనే పెట్టి, వాటిలో ఒక బేనే వాలుగా కట్టి, ఆ వాలు మీద కూడా కార్లు నిలిపిస్తారు. కార్లు నిలిపే వాలు 5 నుంచి 6 శాతం దాటితే తలుపులు తెరవడమే కష్టం. అంతస్తుకూ అంతస్తుకూ మధ్య ఎత్తు పదిన్నర అడుగులు అనుకుంటే, 5 శాతం వాలుకు 210 అడుగుల పొడవు పడుతుంది. రెండు కొసల్లో మలుపులు కలిపితే 240 అడుగులు దాటుతుంది. అంటే సాదా గరాజ్‌కు కనీసం 120 అడుగుల వెడల్పు, 240 అడుగుల పొడవు గల చదును స్థలం కావాలి.

పాత డౌన్‌టౌన్ ప్లాట్లు చాలాచోట్ల 25 అడుగుల వెడల్పుతో కోసినవి. పెద్ద భవనమైనా 50 అడుగుల వెడల్పు, 120 అడుగుల లోతు ఉంటే గొప్ప. అందులో గరాజ్ పట్టదు. అందుకే మొదట ఒక్క భవనమే అన్న ప్రతిపాదన ఆర్నెల్లు తిరిగేసరికి పక్కవాటిని కూడా అడుగుతుంది. ఫైల్లో సైట్ ప్లాన్ లేకుండా "సుమారు 150 స్టాళ్లు" అని మాత్రమే ఉంటే, స్తంభాలు, ర్యాంపు, మెట్లు, లిఫ్టు చూపించే ప్లాన్ వచ్చేదాకా చర్చ వాయిదా వేయమని రాతపూర్వకంగా అడగండి. మీరే సరిచూడాలంటే అంతస్తు మొత్తం వైశాల్యాన్ని 330తో భాగించండి. బాగా కుదిరిన గరాజ్‌లో స్టాలుకు 300 నుంచి 350 చదరపు అడుగులు పడతాయి. ఇరుకు స్థలంలో ఇది 400 దాటిపోతుంది, ఎందుకంటే ర్యాంపూ మలుపులూ తినే జాగా తగ్గదు, కార్ల జాగా మాత్రమే తగ్గుతుంది.

ఇరుకు స్థలానికి యాంత్రిక గరాజ్ ఉంది కదా అంటారు. లిఫ్టే కారును పైకి తీసుకెళ్లి పెట్టే పద్ధతి అది. జాగా నిజంగానే కలిసొస్తుంది. అయితే సినిమా వదిలినప్పుడు నలభై మంది ఒకేసారి కారు అడిగితే క్యూ వీధిలోకి వస్తుంది. గంటకు ఎన్ని కార్లు బయటికి ఇవ్వగలదో, మర మొరాయిస్తే మెకానిక్ ఎన్ని గంటల్లో రావాలో ఒప్పందంలో ఉందేమో చూడండి.

సియాటిల్‌లో పయనీర్ స్క్వేర్ దగ్గర మూడు మూలల స్థలంలో 1890లో కట్టిన సియాటిల్ హోటల్ ఉండేది. 1961లో దాన్ని కూల్చి గరాజ్ కట్టారు. వీధి వాలుకు ఆ కాంక్రీటు కట్టడం ముక్కు పైకెత్తి మునిగే ఓడలా కనిపిస్తుంది కాబట్టి జనం దానికి "మునిగే ఓడ" అనే పేరు పెట్టారు. దాన్ని చూసి పుట్టిన కోపమే 1970లో ఆ ప్రాంతాన్ని రక్షిత చారిత్రక జిల్లాగా, అంటే పాత కట్టడాలకు రక్షణ ఉన్న కొన్ని వీధుల ప్రాంతంగా, ప్రకటించడానికి ఒక ప్రధాన కారణమైంది. గరాజ్ మాత్రం అక్కడే ఉండిపోయింది.

పార్కింగ్ నిజంగా కరువా

కన్సల్టెంట్ నివేదిక ఉంటే అందులో మొదట తేదీలు చూడండి. డిసెంబరు షాపింగ్ వారంలోనో, వీధి సంత రోజునో లెక్కపెడితే ఏ ఊరైనా నిండే ఉంటుంది. మీరే చేయాలంటే నలుగురు చాలు. గరాజ్ కడతామన్న చోటు నుంచి ఐదు నిమిషాల నడకలో ఉన్న ప్రతి బ్లాకులో వీధి గడులు, పబ్లిక్ లాట్లు (కార్లు నిలిపే ఆరుబయటి స్థలాలు), చర్చి లాటు, బ్యాంకు లాటు అన్నీ వేర్వేరు వరసల్లో రాసుకోండి. మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒక రోజు, మళ్లీ ఒక శనివారం, ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా గంటకోసారి నిండినవి లెక్కపెట్టండి. నంబర్ ప్లేటు చివరి మూడు అంకెలు కూడా రాసుకుంటే, ఏ కారు ఎన్ని గంటలు కదలకుండా ఉందో తెలుస్తుంది.

వీధి గడుల్లో 85 శాతం నిండితే, బ్లాకుకు ఒకటి రెండు ఖాళీగా ఉన్నట్టు, అది సరైన స్థాయి. పార్కింగ్ ఆర్థికశాస్త్రంలో డోనాల్డ్ షూప్ ప్రచారంలోకి తెచ్చిన కొలమానం ఇదే. మెయిన్ స్ట్రీట్ 100 శాతం నిండి, వెనక వీధిలోని లాటు 40 శాతమే నిండితే మీ ఊరికి కరువు లేదు, పంపకం సరిగా లేదు. ప్లేటు నంబర్లు చూస్తే ఎక్కువసార్లు బయటపడేది ఒకటే: దుకాణం ముందు ఎనిమిది గంటలు నిలిచిన కారు ఆ దుకాణంలో పనిచేసేవాళ్లదే. దీనికి విరుగుడుగా ఉద్యోగులకు వెనక లాటులో పర్మిట్లు ఇవ్వచ్చు, ముందు వీధిలో రెండు గంటల పరిమితి పెట్టి నిజంగా అమలు చేయచ్చు, సాయంత్రాలు బ్యాంకు లాటు వాడుకునేలా సిటీ ఒప్పందం చేసుకోవచ్చు. బ్యాంకు వాళ్లు మొదట బీమా గురించి అడుగుతారు. ఆ బాధ్యత సిటీ బీమా పాలసీ మీద పెడితే సాధారణంగా మాట ముందుకు సాగుతుంది.

డబ్బు

నేలకు పైన అంతస్తులుగా కట్టే గరాజ్‌కు స్టాలుకు సుమారు 30,000 డాలర్లు పెట్టుకుని లెక్క మొదలుపెట్టండి. ఊరిని బట్టి మారుతుంది, భూగర్భంలోకి వెళితే బాగా పెరుగుతుంది. స్థలం ధర, కూల్చివేత ఇందులో లేవు. 5 శాతం వడ్డీకి 30 ఏళ్ల బాండ్లు అమ్మితే ఒక్కో స్టాలు మీద ఏటా కట్టాల్సింది సుమారు 1,950 డాలర్లు. కరెంటు, లిఫ్టు, బీమా, కాపలా, మరమ్మతు నిధి కలిపి మరో 700 వేద్దాం. 2,650 అయింది. ఏడాది పొడుగునా ప్రతి గడీ నిండితే నెలకు 220 డాలర్లు రాబట్టాలి. సగటున 70 శాతమే నిండితే అది 315 అవుతుంది. వీధిలో సాయంత్రం ఆరు తర్వాత ఉచితంగా నిలిపే ఊళ్లో నెలకు 315 ఎవరిస్తారన్నది హియరింగ్‌లో అడగాల్సిన ప్రశ్న. తేడా పూడ్చేది జనరల్ ఫండ్, అంటే మన ఆస్తి పన్ను.

మరమ్మతు నిధి వరసలో సున్నా ఉంటే ఆ లెక్క నమ్మకండి. మంచు కురిసే ఊళ్లలో కార్లు రోడ్డు ఉప్పును మోసుకొస్తాయి. ఉప్పునీరు పగుళ్లలోంచి దిగి లోపలి ఉక్కును తింటుంది. తుప్పు పట్టిన ఉక్కు ఉబ్బి కాంక్రీటు పెచ్చులూడుతుంది. సీలెంటు, జాయింట్లు క్రమంగా మారుస్తూ పోకపోతే తర్వాత స్లాబే కోసి పోయాల్సి వస్తుంది.

భవనానికి ఉన్న రక్షణ ఎంత

మన దగ్గర వారసత్వ కట్టడం అంటే ప్రభుత్వం చెయ్యి వేయనివ్వదు అనుకుంటాం. ఇక్కడ నేషనల్ రిజిస్టర్‌లో, అంటే చారిత్రక కట్టడాల జాతీయ జాబితాలో, పేరున్నంత మాత్రాన సొంతదారు తన డబ్బుతో కూల్చుకోవడాన్ని ఎవరూ ఆపలేరు. ఆపగలిగేది ఊరి ఆర్డినెన్స్, అంటే సిటీ చేసుకున్న స్థానిక చట్టం. కాబట్టి రెండు విషయాలు విడిగా కనుక్కోండి. భవనం నేషనల్ రిజిస్టర్‌లో ఉందా, లేదా ఆ జాబితాలోని చారిత్రక జిల్లాలో లెక్కకు వచ్చే కట్టడమా అన్నది రాష్ట్ర చారిత్రక పరిరక్షణ కార్యాలయం చెబుతుంది. స్థానిక ల్యాండ్‌మార్క్ జాబితాలో ఉందా అన్నది సిటీ ప్లానింగ్ విభాగం చెబుతుంది. స్థానికంగా ఉంటే కూల్చడానికి ఊరి ల్యాండ్‌మార్క్ కమిషన్ అనుమతి కావాలి. సొంతదారు "ఆర్థికంగా మోయలేను" అని వాదిస్తే కొన్న ధర, అద్దె ఆదాయం, అమ్మకానికి పెట్టిన రుజువు చూపించమని అడిగే హక్కు సాధారణంగా కమిషన్‌కు ఉంటుంది. ఏ జాబితాలోనూ లేకపోయినా కొన్ని నగరాల్లో కూల్చివేత వాయిదా నియమం ఉంది. బోస్టన్, షికాగోల్లో అర్హత ఉన్న పాత భవనాలకు 90 రోజుల దాకా ఆపొచ్చు.

గరాజ్‌కు ఒక్క డాలరు ఫెడరల్ నిధి కలిసినా కథ మారుతుంది. 1966 నాటి జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టంలోని సెక్షన్ 106 ప్రకారం, రిజిస్టర్‌లో ఉన్న లేదా దానికి అర్హమైన కట్టడాల మీద పడే ప్రభావాన్ని నిధులిచ్చే సంస్థ ముందుగా సమీక్షించాలి. అది ప్రాజెక్టును కచ్చితంగా ఆపదు, కానీ ప్రత్యామ్నాయాలు పరిశీలించక తప్పదు. ఇక్కడ ఒక ఎత్తుగడ జరుగుతుంటుంది: ముందు సొంత డబ్బుతో కూల్చేసి, ఖాళీ స్థలం చూపించి తర్వాత ఫెడరల్ గ్రాంటు అడగడం. సమీక్ష తప్పించుకోవడానికే కావాలని కూల్చారని తేలితే అదే చట్టంలోని 110(కె) ఆ గ్రాంటుకు అడ్డం పడుతుంది. ఈ విషయం కూల్చకముందే రాతలో సిటీ అటార్నీకి చేరవేస్తే చాలాసార్లు తొందర తగ్గుతుంది.

"బాగుచేయలేం" అన్న నివేదిక

రాసిన ఇంజనీరు పాత ఇటుక కట్టడాల మీద పనిచేసిన మనిషేనా, లోపలికి వెళ్లి ఎక్కడెక్కడ తెరిచి చూశాడు అన్నది మొదటి పేజీలోనే దొరకాలి. పాత ఇటుక గోడల్లో ఎక్కువ నష్టం రెండు చోట్ల మొదలవుతుంది. కప్పు కారి, గోడలోకి దిగిన దూలాల కొసలు కుళ్లుతాయి. ఆ కొసలు కోసి కొత్త కలప అతికించడం తెలిసిన పనే. రెండోది, సున్నం గారతో కట్టిన మెత్తని ఇటుకకు ఎవరో పోర్ట్‌లాండ్ సిమెంటుతో, అంటే ఇప్పటి మామూలు సిమెంటుతో, సందులు నింపి ఉంటారు. సిమెంటు గట్టిది, తేమను బయటికి పోనివ్వదు, దాంతో ఇటుక ముఖమే రాలిపోతుంది. చూడటానికి భవనం మొత్తం పోయినట్టు ఉంటుంది, లోపల గోడ బాగానే ఉండవచ్చు.

మరమ్మతు ఖర్చు పక్కన ఫెడరల్ పన్ను రాయితీ తీసివేశారా చూడండి. రిజిస్టర్‌లో ఉన్న, ఆదాయం తెచ్చే భవనాన్ని నేషనల్ పార్క్ సర్వీస్ ప్రమాణాల ప్రకారం పెద్ద ఎత్తున బాగుచేస్తే, అర్హమైన ఖర్చులో 20 శాతం ఐదేళ్లలో పన్ను నుంచి తగ్గుతుంది. చాలా రాష్ట్రాల్లో దీనిపై రాష్ట్ర రాయితీ కూడా ఉంది. సిటీయే సొంతదారైతే పన్నే కట్టదు కాబట్టి నివేదికలో ఈ వరస కనిపించదు. ప్రైవేటు డెవలపర్‌కు అమ్మితే లెక్క ఎలా మారుతుందో వేయమనండి.

కూల్చడం ఖాయమైతే పక్క భవనం వాళ్లు చేయాల్సింది

పాత వీధుల్లో రెండు భవనాలకు మధ్య ఒకే గోడ ఉండటం మామూలు. అవతలి దూలాలు తీసేస్తే మీ గోడకు అటువైపు ఊత పోతుంది. ఇన్నేళ్లూ ఎండావానా ఎరగని లోపలి మెత్తటి ఇటుక బయటపడుతుంది. ఊతం, వాన నుంచి కప్పు, ఖర్చు ఎవరిదన్నది పర్మిట్ షరతుల్లోనే రాయించండి. పని మొదలవకముందే ప్రతి గదిలో పగుళ్ల ఫొటోలు తేదీతో తీయించి, పెద్ద పగుళ్ల మీద కొలత పట్టీలు అతికించండి. ఇవి లేకపోతే తర్వాత "ఆ పగులు పాతదే" అంటారు. కాలిబాట కింద పాత బొగ్గు గదులు ఉన్నాయేమో చూడాలి, క్రేన్ బరువుకు అవి కుంగుతాయి. కూల్చివేతకు ముందు ఆస్‌బెస్టాస్ తనిఖీ, కనీసం 10 పని దినాల ముందు నోటీసు ఫెడరల్ నియమం.

డెట్రాయిట్‌లో 1926లో తెరిచిన మిషిగన్ థియేటర్ ఇలాగే పక్క ఆఫీసు భవనంతో పెనవేసుకుని ఉంది. థియేటర్ కూల్చితే ఆఫీసు భవనానికి ముప్పని తేలడంతో, 1977లో లోపలి సీట్లూ బాల్కనీలూ తీసి మూడు అంతస్తుల పార్కింగ్ పెట్టారు. అలంకరించిన పైకప్పు కింద ఇప్పటికీ కార్లు ఉంటాయి. దాన్ని చూసి ఇదే మంచి మధ్యేమార్గమనేవాళ్లున్నారు. నా లెక్కలో అది గతిలేక చేసిన సర్దుబాటు, నమూనా కాదు.

గరాజ్ తప్పదంటే అడగాల్సిన షరతులు

వీధి వైపు నేల అంతస్తు అంతా దుకాణాలకే, 14 అడుగులకు తగ్గని ఎత్తుతో. కార్ల దారి మెయిన్ స్ట్రీట్ నుంచి కాకుండా వెనక సందు నుంచి. వాలు ర్యాంప్ ఒక పక్కకు, మిగతా అంతస్తులు చదునుగా ఉంటే రేపు అవసరం తగ్గినప్పుడు ఆఫీసులుగానో ఇళ్లుగానో మార్చే వీలుంటుంది. వికలాంగుల గడులు చదును నేల మీదే రావాలి: మొత్తం 101 నుంచి 150 స్టాళ్లుంటే ఐదు, 151 నుంచి 200 అయితే ఆరు. ప్రతి ఆరింటిలో ఒకటి వ్యాన్‌కు. ఆ వ్యాన్ వెళ్లే దారి అంతటా 98 అంగుళాల ఎత్తు ఖాళీ ఉండాలి. డ్రాయింగులో సరిపోయి, తర్వాత స్ప్రింక్లర్ పైపులు వేలాడదీసినప్పుడు పోయేది సరిగ్గా ఇదే.

అన్నిటికంటే ముఖ్యమైన షరతు తేదీల వరస. గరాజ్ బిల్డింగ్ పర్మిట్ చేతికొచ్చి, రుణం ఖరారైన పత్రాలు సిటీలో దాఖలయ్యాకే కూల్చివేత పర్మిట్ ఇవ్వాలి. లేకపోతే భవనం పోతుంది, డబ్బు కుదరదు, కంకర పరిచిన లాటు పదేళ్లు అలాగే ఉండిపోతుంది. దానికి తోడు, చెప్పిన గడువులో పని మొదలుకాకపోతే సిటీ రాబట్టుకునే హామీ బాండు కట్టించండి. హియరింగ్‌లో మీకిచ్చేది రెండు మూడు నిమిషాలే. కాబట్టి కొలతలూ లెక్కలూ ముందే రాతలో ఇచ్చి రికార్డులో చేర్చమనండి. అప్పీలు దాకా వెళితే కోర్టు సాధారణంగా చూసేది ఆ రికార్డులో ఉన్నదే.