నత్రజని ఉత్ప్రేరకాలు - పాఠం 5: హారంలో ఏముంది?

పోయిన పాఠం చివర ఇచ్చిన ఒక్క లెక్క ఇంతమందిని ముంచుతుందని అనుకోలేదు. నైట్రోజన్‌ని అమోనియాగా మార్చే ఉత్ప్రేరకం గురించి "ఒక చక్రం పూర్తవడానికి ఎన్ని ఎలక్ట్రాన్లు కావాలి?" అని అడిగాను. కొందరు 3 అన్నారు, కొందరు 6, ఇంకొందరు 8. ఒకరైతే మూడూ రాసి, సరైనది మీరే టిక్కు పెట్టుకోండి అన్నారు. తప్పు నాదే. చక్రం అంటే ఒక అమోనియా అణువు బయటికొచ్చేదాకానా, ఒక నైట్రోజన్ అణువు పూర్తిగా ఖర్చయ్యేదాకానా అన్నది నేను చెప్పనేలేదు.

అందుకే ఈసారి చెబుతానన్న ప్రోటాన్లు చేరే వరుస సంగతి వచ్చే పాఠానికి వాయిదా వేసి, ముందు ఈ చిక్కు విప్పుదాం.

ఒక అమోనియాకి 3 ఎలక్ట్రాన్లు, 3 ప్రోటాన్లు. నైట్రోజన్ అణువు ఒకటి రెండు అమోనియాలు ఇస్తుంది కాబట్టి దానికి 6. మరి 8 ఎక్కడిది? అది నైట్రోజినేస్ లెక్క, అంటే కొన్ని బాక్టీరియాల్లో ఇదే పని చేసే ఎంజైమ్. మామూలుగా రాసే సమీకరణంలో అది ప్రతి నైట్రోజన్ అణువుతో పాటు ఒక హైడ్రోజన్ అణువునీ వదులుతుంది. ఆ అదనపు 2 దానికి పోతాయి. పైగా 16 ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) ఖర్చు. 8 అని రాసినవాళ్ళు ఎంజైమ్ గురించి సరిగ్గానే చెప్పారు, కానీ ప్రయోగశాలలో చేసిన ఉత్ప్రేరకాలు పనిచేసే మన ఫ్లాస్కుకి ఆ నియమం ఏమీ లేదు. ఫ్లాస్కులో హైడ్రోజన్‌గా పోయేది అంతకన్నా తక్కువ కావచ్చు, చాలా ఎక్కువ కావచ్చు. ఉత్ప్రేరకం మంచిచెడ్డలు తేలేది అక్కడే.

ఇక నాకు ఒళ్ళు మండే విషయం. "ఈ ఉత్ప్రేరకం 23 అమోనియాలు ఇచ్చింది, ఆ ఉత్ప్రేరకం 8 ఇచ్చింది, కాబట్టి మొదటిది మూడు రెట్లు మేలు" అని రాసిన జవాబులు చాలా వచ్చాయి. దేనికి 23? దేనికి 8? హారం చూడకుండా లవాలు పోల్చేస్తే ఎలా?

ఆ 8 నుంచే మొదలుపెడదాం. 2003లో యాండులోవ్, ష్రాక్ అనే రసాయన శాస్త్రవేత్తలు ఒక్క మాలిబ్డినం లోహ పరమాణువు ఉన్న ఉత్ప్రేరకంతో నైట్రోజన్‌ని అమోనియాగా మార్చే చక్రాన్ని నడిపి చూపించారు. ఒక్కో మాలిబ్డినానికి 36 ఎలక్ట్రాన్లు ఇచ్చారు, 7 నుంచి 8 దాకా అమోనియా వచ్చింది. 36ని 3తో భాగిస్తే 12. అంటే ఒక్క ఎలక్ట్రాన్ కూడా వృథా కాకపోతే 12 రావాలి. 8 వచ్చిందనుకుంటే మూడింట రెండు వంతులు పని జరిగినట్టు.

ఇప్పుడు ఆ 23. జపాన్‌లోని నిషిబయాషి బృందం వాడిన ఉత్ప్రేరకంలో మాలిబ్డినం పరమాణువులు రెండు. 23 అన్నది ఉత్ప్రేరక అణువుకి. మాలిబ్డినానికి చూస్తే 12 కూడా లేదు. ఇచ్చిన ఎలక్ట్రాన్లు 216, అంటే 72 అమోనియాలకి సరిపడా. వచ్చినవి 23, మూడో వంతు కన్నా తక్కువ. ఎక్కువసేపు పనిచేసింది నిజమే, ఎక్కువ వృథా చేసిందీ నిజమే. ఈ రెండు మాటలూ ఒక్క సంఖ్యలో పట్టవు.

మూడోది ఇనుము. 2013లో అమెరికాలోని పీటర్స్ బృందం ఈథర్ అనే ద్రావణిలో, మైనస్ 78 డిగ్రీల దగ్గర, ఒక్కో ఇనుము పరమాణువుకి సుమారు 7 అమోనియాలు రాబట్టింది. ఇచ్చిన ఎలక్ట్రాన్లు 50, ప్రోటాన్లు 46. 7 అమోనియాలకి 21 కావాలి. 21ని 50తో భాగిస్తే 42 శాతం, 46తో భాగిస్తే దాదాపు 46 శాతం. రెండూ అబద్ధం కాదు. ఏది ముందు అయిపోతుందో దాన్ని హారంలో పెట్టడం నా అలవాటు. అసలు ఏ పరిశోధన పత్రం చదివినా నేను శాతం జోలికే ముందు వెళ్ళను. కాగితం మీద జమాఖర్చు గీస్తాను: జమ వైపు ఇచ్చిన ఎలక్ట్రాన్లు, ఖర్చు వైపు అమోనియా ఇంటూ 3, హైడ్రోజన్ ఇంటూ 2. రెండు వైపులా సరిపోతే చదవడం కొనసాగిస్తాను, లేకపోతే ప్రయోగ వివరాల్లోకి దిగుతాను.

హైడ్రోజన్ ఎందుకు వస్తుందని ముగ్గురు అడిగారు. ఫ్లాస్కులో ఎలక్ట్రాన్లు ఇచ్చే క్షయకరణి, ప్రోటాన్లు ఇచ్చే ఆమ్లం రెండూ ఉంటాయి. అవి ఎదురుపడితే మధ్యలో ఉత్ప్రేరకం అవసరమే లేదు, నేరుగా హైడ్రోజన్ వాయువు అయిపోతాయి. ష్రాక్ ప్రయోగంలో ఉపాయమంతా వాటిని కలవనివ్వకపోవడంలోనే ఉంది. ద్రావణిగా హెప్టేన్ తీసుకున్నారు. అందులో ఆ ఆమ్లం సరిగా కరగదు, అడుగున పొడిగా ఉండి కొద్దికొద్దిగా మాత్రమే పైకొస్తుంది. క్షయకరణి ద్రావణాన్ని సిరంజి పంపుతో ఆరు గంటల పాటు మెల్లగా ఎక్కించారు. ఒకేసారి కుమ్మరించి ఉంటే ఎక్కువ భాగం హైడ్రోజన్‌గా తేలిపోయేది. మాలిబ్డినం చుట్టూ కట్టిన గుబురు లిగాండ్ (లోహాన్ని పట్టుకుని ఉండే అణువు) పని వేరు: రెండు మాలిబ్డినాలు ఒకదానికొకటి అతుక్కుని చచ్చుబడకుండా చూడటం.

ఒక్క హెచ్చరిక, త్వరగా చెప్పేస్తాను. దొరికిన అమోనియా అంతా ఫ్లాస్కులోకి పంపిన నైట్రోజన్ వాయువుదే అనుకోవద్దు. చాలాసార్లు లిగాండ్‌లో నైట్రోజన్ ఉంటుంది, ఆమ్లంలోనూ ఉంటుంది. అందుకే నైట్రోజన్ వాయువు బదులు ఆర్గాన్ కింద అదే ప్రయోగం మళ్ళీ చేస్తారు. నైట్రోజన్-15 (కాస్త బరువైన నైట్రోజన్ ఐసోటోపు) వాయువు వాడితే, అణువుల్లోని పరమాణువులను గుర్తుపట్టే ఎన్‌ఎంఆర్ పరీక్షలో అమోనియం సంకేతం రెండు గీతలుగా చీలుతుంది, మామూలు నైట్రోజన్-14కి మూడు గీతలు. ఈ రెండు పరీక్షలూ లేని పరిశోధన పత్రం నేను పక్కన పడేస్తాను.

అభ్యాసం. మొదటిది తేలిక: 2019లో నిషిబయాషి బృందం సమారియం అయొడైడ్ వాడి ఒక్కో మాలిబ్డినానికి 4,350 అమోనియాలు తెచ్చింది. సమారియం అయొడైడ్ 14,400, ఒక్కొక్కటి ఒక ఎలక్ట్రాన్ ఇస్తుంది. శాతం కట్టండి.

రెండోది నేను కల్పించింది, కాస్త ఏడిపిస్తుంది. ఉత్ప్రేరకం 5 మైక్రోమోల్, ఒక్కో అణువులో ఇనుము పరమాణువులు రెండు. ఇచ్చిన ఎలక్ట్రాన్లు 450 మైక్రోమోల్, క్షయకరణి మిగల్లేదు. దొరికినవి అమోనియా 90, హైడ్రోజన్ 45. ఆర్గాన్ కింద మళ్ళీ చేస్తే అమోనియా 6 వచ్చింది. అది లిగాండ్ విరిగి వచ్చినదని, ఎలక్ట్రాన్లు తీసుకోలేదని అనుకోండి. ఒక్కో ఇనుముకి ఎన్ని అమోనియాలు? జమాఖర్చులో ఎన్ని ఎలక్ట్రాన్లు కనబడటం లేదు? అవన్నీ హైడ్రజీన్ (రెండు నైట్రోజన్లు, నాలుగు హైడ్రోజన్లు ఉన్న అణువు) తయారీకి పోయాయనుకుంటే అది ఎన్ని మైక్రోమోల్? హైడ్రజీన్‌కి ఎన్ని ఎలక్ట్రాన్లో నేను చెప్పను. జవాబుతో పాటు హారం ఏం పెట్టారో కూడా రాయండి, అది లేని జవాబు ఈసారి దిద్దను.