నిలబడితే తలనొప్పి, పడుకుంటే ఉపశమనం: వెన్ను ఎంఆర్‌ఐ శుభ్రంగా ఉంటే ఏం చేయాలి

రెఫరల్ చీటీలో చాలాసార్లు ఒకటే మాట: "మైగ్రేన్, మందులకు లొంగడం లేదు." వాడిన మాత్రలన్నీ వరసగా రాసి ఉంటాయి. పడుకుంటే నొప్పి ఏమవుతుందో మాత్రం ఎక్కడా ఉండదు. పడుకుంటే తగ్గుతుందంటే, వెన్నులో ఎక్కడో మెదడు నీరు కారుతోందేమో (లీక్) అనుమానించాలి. ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడగక నెలల తరబడి మంచానికే పరిమితమైన వాళ్లను చాలామందిని చూశాను. న్యూరాలజీలో కొత్తగా అడుగుపెట్టిన డాక్టర్లు ముందు ఈ ప్రశ్న అలవాటు చేసుకోవాలి.

లక్షణం

"నొప్పి ఎప్పుడు వస్తుంది?" అని అడిగితే సరైన జవాబు రాదు. పొద్దున మెలకువ వచ్చాక, మంచం దిగకముందు ఎలా ఉంటుంది? దిగిన ఎంతసేపటికి మొదలవుతుంది? మళ్లీ నడుం వాల్చితే ఎంతసేపటికి తగ్గుతుంది? ఇలా విడివిడిగా అడగండి. తర్వాత దిండు లేకుండా అరగంట వెల్లకిలా పడుకోబెట్టి, ఆపై నిలబెట్టి మీరే చూడండి. దీనికి పరికరం ఏమీ అక్కర్లేదు.

అందరికీ నిలబడిన నిమిషాల్లోనే నొప్పి రాదు. కొందరు పొద్దున బాగానే ఉంటారు, మధ్యాహ్నం దాటాక తల పట్టుకుంటారు. "ఇది టెన్షన్ తలనొప్పి" అని చెప్పి పంపేసేది ఎక్కువగా వీళ్లనే. జబ్బు పాతబడే కొద్దీ పడుకోవడానికీ నిలబడడానికీ మధ్య తేడా చెరిగిపోతుంది కూడా. అందుకే ఇప్పటి సంగతితో పాటు మొదటి వారాల్లో ఎలా ఉండేదో అడగాలి. మెడ పట్టేయడం, చెవుల్లో హోరు, నీళ్లలో మునిగి వింటున్నట్టు శబ్దాలు మందంగా వినిపించడం, వాంతులు, ఒక్కోసారి ఒకటి రెండుగా కనిపించడం, వీటిలో ఒకటో రెండో తోడుగా ఉంటాయి.

కారణం

పెద్దవాళ్లలో మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీరు, అంటే సీఎస్‌ఎఫ్ (సెరిబ్రోస్పైనల్ ఫ్లూయిడ్), మొత్తం సుమారు 150 మిల్లీలీటర్లు. రోజుకు దాదాపు 500 మిల్లీలీటర్లు తయారవుతుంది, అంతే పీల్చుకుపోతుంది. మెదడు ఈ నీటిలో తేలుతూ ఉంటుంది. ఎక్కడో కారి నీరు తగ్గితే, మనిషి నిలబడగానే మెదడు కిందికి జారుతుంది, పొరలు సాగుతాయి, సిరలు ఉబ్బుతాయి.

కారేది వెన్నులో. ముక్కులోంచి నీరు కారే కేసు వేరే సంగతి. అక్కడ భయం మెనింజైటిస్ గురించి, ఈ రకం తలనొప్పికి అది కారణం కావడం చాలా అరుదు. ఈమధ్యే వెన్నులో మత్తు ఇంజెక్షనో, నీరు తీసిన పరీక్షో జరిగి ఉంటే కారణం ఎదురుగానే ఉంది, వెతకనక్కర్లేదు.

మొదటి పరీక్ష, అందులో జరిగే పొరపాట్లు

ముందు మెదడు ఎంఆర్‌ఐ, సిరలో కాంట్రాస్ట్ మందు ఎక్కించి. కాంట్రాస్ట్ లేకుండా తీస్తే అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు, అంటే మెదడు పైపొర అంతా సమంగా వెలగడం, కనిపించదు. దానితో పాటు ఉబ్బిన సిరలు, పెద్దదైన పిట్యూటరీ, కిందికి జారిన మెదడు, పుర్రె లోపల పలుచని నీటి పొర కోసం చూడండి. ఈ గుర్తులను బట్టి లెక్కగట్టే బెర్న్ స్కోరు 5, ఆపైన వస్తే వెన్నులో లీక్ దొరికే అవకాశం ఎక్కువ. అయితే దాదాపు ఐదుగురిలో ఒకరికి మెదడు స్కాన్ మామూలుగానే ఉంటుంది.

ఒత్తిడి కొలవడానికని ముందే వెన్నులో సూది గుచ్చవద్దు. 60 మిల్లీమీటర్ల (నీటి మట్టం) కంటే తక్కువ ఉంటేనే జబ్బు అనుకుంటే దాదాపు మూడింట ఒక వంతు మందిని వదిలేస్తారు, వాళ్ల ఒత్తిడి మామూలుగానే ఉంటుంది. పైగా సూది రంధ్రం నుంచి కారిన నీరే తర్వాతి స్కాన్‌లో లీక్‌లా కనిపించి దారి తప్పిస్తుంది. సూదితో తీసిన నీటిలో ప్రొటీన్, కణాలు కాస్త పెరిగి ఉంటే మెనింజైటిస్ అనుకుని యాంటీబయాటిక్స్ మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు.

ఇంకో రెండు తప్పులు ఆపరేషన్ దాకా తీసుకెళ్తాయి. జారిన మెదడు అడుగుభాగాన్ని చూసి కియారీ (చిన్నమెదడు పుట్టుకతోనే కిందికి దిగి ఉండే లోపం) అని పుర్రె వెనక ఎముక తీయడం ఒకటి. దెబ్బే తగలని మధ్యవయసు మనిషికి రెండు వైపులా సబ్‌డ్యూరల్ (మెదడు పైపొర కింద చేరిన) రక్తం కనిపిస్తే, లీక్ గురించి ఆలోచించకుండా రంధ్రం పెట్టి తీసేయడం రెండోది. లీక్ మూయకపోతే రక్తం మళ్లీ చేరుతుంది.

వెన్ను ఎంఆర్‌ఐ శుభ్రంగా ఉంటే

నేను దెబ్బ తిన్నది ఇక్కడే. నలభై ఏళ్లావిడ, మెదడు స్కాన్‌లో గుర్తులన్నీ ఉన్నాయి. వెన్ను ఎంఆర్‌ఐలో పొర బయట చుక్క నీరు లేదు. రెండుసార్లు బ్లడ్ ప్యాచ్ వేశాం, అంటే ఆవిడ రక్తమే తీసి వెన్ను పొర బయట ఎక్కించాం. రెండుసార్లూ వారం పది రోజులు హాయిగా ఉండి మళ్లీ మొదటికి వచ్చింది. "లీక్ లేదు" అని రాసి సంతకం పెట్టింది నేనే. ఏడాది తర్వాత, కూర్చుని అన్నం కూడా తినలేని స్థితిలో తిరిగొచ్చింది.

ఆవిడకు ఉన్నది సీఎస్‌ఎఫ్-సిర ఫిస్టులా. నరం వేరు దగ్గర సీఎస్‌ఎఫ్ సంచి నేరుగా పక్కనున్న సిరలోకి తెరుచుకుంటుంది. నీరు రక్తంలో కలిసిపోతుంది కాబట్టి బయట ఎక్కడా నిలవదు. నిలవని నీరు ఎంఆర్‌ఐలో ఎలా కనిపిస్తుంది? న్యూరోసర్జన్ షీవింక్ బృందం దీన్ని వివరించింది 2014లో. అంతకు ముందు చదువు పూర్తిచేసిన మాలాంటి వాళ్లకు ఇది పాఠంలోనే లేదు.

కాబట్టి మెదడు స్కాన్ లీక్ అంటుంటే, వెన్ను స్కాన్ ఏమీ లేదంటుంటే మెదడు స్కాన్‌నే నమ్మండి. తర్వాతి మెట్టు పక్కకు తిప్పి పడుకోబెట్టి తీసే మయలోగ్రామ్ (వెన్ను నీటిలో కాంట్రాస్ట్ ఎక్కించి తీసే ఎక్స్‌రే చిత్రం), డిజిటల్ సబ్‌ట్రాక్షన్ అయినా సరే, సీటీ అయినా సరే. వెల్లకిలానో బోర్లానో పడుకోబెట్టి తీసిన మయలోగ్రామ్ శుభ్రంగా ఉందంటే దానికి విలువ లేదు. కాంట్రాస్ట్ బరువుకు కిందికి దిగుతుంది, కాబట్టి కింద ఉన్న వైపు ఫిస్టులాయే కనిపిస్తుంది. కుడి, ఎడమ రెండూ తీయాలి, తరచుగా వేర్వేరు రోజుల్లో. ఎక్కువగా దొరికేది ఛాతీ భాగంలో, అందులోనూ కుడివైపు. వెన్నెముక పక్కన సన్నని సిర కొద్ది క్షణాలే వెలుగుతుంది. రోగి గాలి లోపలికి పీల్చేటప్పుడు తీసిన ఫిల్ముల్లో అది తేలిగ్గా పట్టుబడుతుంది. తీసేటప్పుడు టెక్నీషియన్ మీద వదిలేయకుండా పక్కన నిలబడండి.

సరిచేయడం

కొత్త కేసులో కొన్నాళ్ల విశ్రాంతి, నీళ్లు, కెఫీన్ చూడవచ్చు. వాటి మీదే నెలలు గడపొద్దు. తర్వాత బ్లడ్ ప్యాచ్, అవసరమైతే ఇంకోసారి. ప్యాచ్ తర్వాత కొన్ని వారాలు వంగడం, బరువులెత్తడం, నడుం మెలితిప్పడం మానాలి. డిస్క్ దగ్గర ఎముక ముల్లు పొరను చీల్చి ఉంటే చాలామందికి ఆపరేషన్‌తో కుట్టాల్సి వస్తుంది. ఫిస్టులా అయితే ప్యాచ్ నిలబడేది తక్కువ. ఆ చోటునే ఫైబ్రిన్ జిగురుతో మూయడం, సిర లోంచి వెళ్లి లోపలి నుంచే మూసేయడం (ఎంబలైజ్), లేదా ఆపరేషన్‌లో కట్టేయడం మార్గాలు. ఆవిడకు ఫిస్టులాను కట్టేశాక నొప్పి పోయింది.

మెదడు నీటిని బయటికి మళ్లించే గొట్టం, అంటే షంట్, ఎక్కువ లాగేయడం లాంటి అరుదైన కారణాలకు షంట్ సెట్టింగ్ చూస్తే చాలు. కీళ్లు అతిగా వంగే మనుషుల్లో పొరలు పుట్టుకతోనే బలహీనంగా ఉండవచ్చు, కేస్ షీట్‌లో రాసుకోండి. నొప్పి తీరు ఉన్నట్టుండి మారి ఎడతెగకుండా పట్టుకుంటే సిరల్లో గడ్డ కట్టిందేమో ఆ రోజే స్కాన్ చేయండి.

లీక్ మూసుకున్నాక ఒత్తిడి అటు తిరిగి పెరగవచ్చు. అప్పుడు నొప్పి నుదుటి మీద, కళ్ల వెనక ఉంటుంది, పడుకుంటే పెరుగుతుంది, నిలబడితే తగ్గుతుంది. ప్యాచ్ పనిచేయలేదనుకుని ఇంకోటి వేస్తే పరిస్థితి చెడుతుంది. తల ఎత్తుగా పెట్టి పడుకోమని చెప్పి, సీఎస్‌ఎఫ్ తయారీని తగ్గించే ఎసిటజోలమైడ్ ఇస్తే చాలామందికి సర్దుకుంటుంది. ఈ మాట ప్యాచ్ వేసిన రోజునే రోగికి, ఇంట్లోవాళ్లకి చెప్పండి: నొప్పి మళ్లీ వస్తే, పడుకుంటే పెరుగుతోందా తగ్గుతోందా చూసుకుని ఫోన్ చేయమనండి.