చెక్కు బౌన్సయిందా? పని చేసినవారూ, చేయించుకున్నవారూ ఏం చేయాలి

పెళ్లి అయిపోయింది. భోజనాలు బాగున్నాయని వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. క్యాటరింగ్ ఆయనకు ఇచ్చిన 1,20,000 రూపాయల చెక్కు మాత్రం బ్యాంకు నుంచి వెనక్కొచ్చింది. ఇక ఫోన్లు మొదలు. "గుత్తొంకాయ కూర మూడో బంతికే అయిపోయింది కదండీ" అని వీళ్లు, "చెప్పినదాని కంటే వంద మంది ఎక్కువొస్తే నేనేం చేసేది" అని ఆయన. ఇంటీరియర్ పనివాళ్లు, ఫొటోగ్రాఫర్లు, షామియానా వాళ్లు, ట్రావెల్స్ వాళ్లు అందరికీ ఈ తలనొప్పి తెలిసిందే.

ఈ తగాదాల్లో జరిగే నష్టం చాలావరకు ఒకే చోట జరుగుతుంది. పని బాగా చేశారా లేదా అని వాదించుకుంటూ తేదీలు వదిలేస్తారు. చెక్కు కేసు నడిచేదే తేదీల మీద.

1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షన్ కింద చెక్కు బౌన్సు నేరం. ఈ సెక్షన్ 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అయితే ఇది పోలీస్ స్టేషన్‌లో తేలే వ్యవహారం కాదు. డబ్బు రావాల్సిన మనిషే మెజిస్ట్రేట్ కోర్టులో ప్రైవేట్ కంప్లయింట్ వేసుకోవాలి. "ఎస్సైతో ఫోన్ చేయిస్తా" అనే బెదిరింపుల వల్ల ఎదుటివాడు మొండికేయడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

చెక్కు అందుకున్నవారు ముందు మెమో చూడండి

చెక్కు వెనక్కొస్తే బ్యాంకు దానితో పాటు రిటర్న్ మెమో ఇస్తుంది. మెసేజ్ చూసి ఊరుకోకుండా బ్రాంచికి వెళ్లి చెక్కు, మెమో రెండూ తెచ్చుకోండి. మెమో ఏ రోజు చేతికొచ్చిందో దాని జిరాక్సు మీద రాసి పెట్టుకోండి.

మెమోలో ఉన్న కారణం ముఖ్యం. "ఫండ్స్ ఇన్‌సఫిషియెంట్" అంటే ఖాతాలో డబ్బు లేదని. ఇది నేరుగా 138 కిందకు వస్తుంది. "అకౌంట్ క్లోజ్డ్" (ఖాతా మూసేశారని), "పేమెంట్ స్టాప్డ్ బై డ్రాయర్" (చెక్కు రాసిచ్చినవారే చెల్లింపు ఆపించారని) అని ఉన్నా కేసు వేయొచ్చని సుప్రీంకోర్టు ఏనాడో తేల్చింది. అదే అంకెలకూ అక్షరాలకూ పొంతన లేదనో, తేదీ సరిగా లేదనో వస్తే గొడవ పడకుండా కొత్త చెక్కు అడగండి.

"సోమవారం మళ్లీ వేయండి, ఈసారి ఉంటాయి" అని కస్టమర్ అంటే వేయొచ్చు. చెక్కు మీది తేదీ నుంచి 3 నెలల లోపు ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. మొదటిసారి నోటీసు ఇవ్వకపోయినా, తర్వాత మళ్లీ బౌన్సయితే దాని మీద కేసు నడుస్తుందని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మూడు నెలలూ దాటిపోతే మాత్రం చెక్కు ఉత్త కాగితమే. అప్పుడిక మిగిలేది మూడేళ్ల గడువున్న సివిల్ దావా.

నోటీసు: 30 రోజులు

మెమో అందిన 30 రోజుల లోపు డబ్బు కట్టమని రాతపూర్వకంగా నోటీసు పంపాలి. లాయర్ చేతే పంపాలని చట్టంలో లేదు కానీ, లాయర్ చేత పంపించడమే మంచిది. ఎందుకంటే ఇక్కడ ఒక్క అంకె తప్పితే మొత్తం పోతుంది. 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసులో చెక్కు కోటి రూపాయలది, నోటీసులో రెండు కోట్లని పడింది. టైపింగ్ పొరపాటని ఎంత మొత్తుకున్నా కోర్టు ఒప్పుకోలేదు, నోటీసు చెల్లదంది.

కాబట్టి చెక్కు నంబరు, తేదీ, బ్యాంకు, మొత్తం పైసలతో సహా సరిచూడండి. వడ్డీ, లాయరు ఖర్చులు అడగాలనుకుంటే వేరే వాక్యంలో, వేరే అంకెగా రాయించండి. చెక్కు మొత్తంలో కలపొద్దు. కంపెనీ ఖాతా చెక్కయితే సంతకం పెట్టిన డైరెక్టరుకే కాదు, కంపెనీ పేరు మీద కూడా నోటీసు వెళ్లాలి. స్పీడ్ పోస్టులో పంపి, రసీదూ డెలివరీ వివరాల ప్రింటూ దాచుకోండి.

తేదీల లెక్క ఒకసారి వేసి చూద్దాం. మెమో మార్చి 5న అందిందనుకోండి. ఆ రోజును వదిలేసి లెక్కిస్తే నోటీసు పంపడానికి ఏప్రిల్ 4 ఆఖరు. మీరు మార్చి 18న పంపారు, కస్టమర్‌కు 20న అందింది. డబ్బు కట్టడానికి ఆయనకు 15 రోజులుంటాయి, అంటే ఏప్రిల్ 4 దాకా. ఆ రోజు గడిచాకే మీకు కేసు వేసే హక్కు వస్తుంది, అక్కడి నుంచి నెల లోపు కంప్లయింట్ పడాలి. ఆ 15 రోజులు నిండకుండా తొందరపడి వేస్తే కేసు నిలవదు. కంప్లయింట్ కాస్త ఆలస్యమైతే సరైన కారణం చూపి క్షమించమని కోర్టును అడగొచ్చు. నోటీసు ఆలస్యానికి మాత్రం ఆ వెసులుబాటు లేదు.

మధ్యలో ఫోన్‌పేలో కొంత వస్తే?

అసలు చిక్కు ఇక్కడే. కస్టమర్ 40,000 ఫోన్‌పే చేసి "మిగతాది నెలాఖరుకి" అంటాడు. నెలాఖరుకు ఫోన్ ఎత్తడు. క్యాటరింగ్ ఆయన కోపంతో అదే 1,20,000 చెక్కును మళ్లీ బ్యాంకులో వేస్తాడు. అది బౌన్సవుతుంది, కేసు కూడా వేస్తాడు, చివరకు ఓడిపోతాడు. చెక్కు వేసే రోజుకు రావాల్సింది 80,000 మాత్రమే అయినప్పుడు, ఆ ముట్టిన సొమ్మును చెక్కు మీద రాయకుండా పూర్తి మొత్తానికి వేస్తే 138 వర్తించదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

చెక్కు మీద రాసి బాకీ మొత్తానికే వేయొచ్చని చట్టంలో ఉన్నా, స్కాన్ చేసిన బొమ్మల మీద నడిచే ఇప్పటి క్లియరింగ్‌లో ఆ దారి పట్టకపోవడమే నయం. 40,000 అందగానే పాత చెక్కు తిరిగిచ్చేసి, 80,000కు కొత్త చెక్కు రాయించుకోండి. అప్పటికప్పుడు, మొహమాటం లేకుండా.

కేసు ఎక్కడ వేయాలి

మీ ఖాతా ఏ బ్రాంచిలో ఉందో ఆ ప్రాంతపు కోర్టులో. 2015 సవరణ తెచ్చిన పెద్ద సౌకర్యం ఇది. ఖాతా రాజమండ్రిలో ఉంటే, కస్టమర్ పెళ్లి చేసేసి హైదరాబాద్ వెళ్లిపోయినా కేసు రాజమండ్రిలోనే నడుస్తుంది. ఒరిజినల్ చెక్కు, మెమో, నోటీసు కాపీ, పోస్టు రసీదులతో పాటు బిల్లు, ఆర్డరు కాగితం, ఎంతమందికి భోజనాలో మాట్లాడుకున్న వాట్సాప్ మెసేజ్‌లూ పెట్టండి. కేసు ఏళ్ల తరబడి సాగొచ్చు. అందుకే 2018 నుంచి, నిందితుడు నేరం ఒప్పుకోనప్పుడు చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. అది కావాలని మీ లాయర్ చేత అడిగించండి.

చెక్కు ఇచ్చినవారు మీరైతే

నోటీసు వస్తే తీసుకోకుండా తిప్పి పంపడం తెలివి కాదు. సరైన అడ్రసుకు పంపితే అందినట్టే లెక్క. పదిహేను రోజుల లోపు చెక్కు మొత్తం కట్టేస్తే నేరమే లేదు. నగదు కాకుండా బ్యాంకు ద్వారా కట్టండి, రిమార్క్స్‌లో చెక్కు నంబరు రాయండి, ఒరిజినల్ చెక్కు వెనక్కి తీసుకోండి. అసలు నోటీసే అందలేదంటారా? సమన్లు అందిన 15 రోజుల లోపు కట్టే అవకాశం ఇంకా ఉంది.

పని నిజంగానే సరిగా చేయకపోతే సంగతి వేరు. కప్‌బోర్డు తలుపులు నెలకే ఊడిపోతే ఫొటోలు తీసి, వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో ఆ రోజే రాసి పంపండి. చెక్కు ఆపాలనుకుంటే బ్యాంకుకు చెప్పేముందే ఎదుటివారికి కారణం రాయండి. ఖాతాలో సరిపడా డబ్బు ఉండి, ఆ బాకీయే లేదు కాబట్టి సరైన కారణంతో ఆపానని రుజువు చేయగలిగితే 138 నుంచి బయటపడొచ్చు. 2001లో ఎంఎంటీసీ, మెడ్‌చల్ కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. రుజువు భారం మాత్రం పూర్తిగా మీదే. ఖాతాలో 300 రూపాయలు పెట్టుకుని "పని నచ్చలేదు, అందుకే ఆపాను" అంటే ఎవరూ నమ్మరు. అడ్వాన్సుగా ఇచ్చిన చెక్కు, పని మొదలుకాకముందే ఆర్డరు రద్దయిన సందర్భంలో కస్టమర్ వాదనకు బలం ఎక్కువ.

నాసిరకం పనికి పరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. రెండేళ్ల లోపు వేయాలి. మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడొచ్చు. కమిషన్‌లో ఫిర్యాదు ఉందని చెక్కు కేసు ఆగదు, దేని దారి దానిదే. అందుకే, మొత్తం చిన్నదైతే అభ్యంతరంతోనే కడుతున్నానని రాసి చెక్కు డబ్బు కట్టేసి, కమిషన్‌లో పోరాడటం మేలని నా అభిప్రాయం.

ఫంక్షన్ హాలు వాళ్లకో మరొకరికో సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇవ్వకండి. అంకెలు ఎవరు నింపినా, సంతకం మీదైతే బాకీ ఉన్నట్టే కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది మీరే. డిపాజిట్‌గా ఇవ్వక తప్పకపోతే మొత్తం రాసి, అగ్రిమెంటులో చెక్కు నంబరూ ఎందుకిచ్చారో కూడా రాయించండి. ఇంకోటి, చెక్కు ఇచ్చి రెండ్రోజుల్లో డబ్బు సర్దుదామనే పాత లెక్క ఇప్పుడు సాగదు. 2025 అక్టోబర్ 4 నుంచి చెక్కులు అదే రోజు క్లియరవుతున్నాయి.

రాజీ పడేటప్పుడు

ఈ నేరానికి ఏ దశలోనైనా రాజీ కుదుర్చుకోవచ్చు. లోక్ అదాలత్‌లో కుదిరితే ఇంకా మంచిది. అక్కడి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, కాబట్టి ఆ తర్వాత మాట తప్పితే నేరుగా వసూలుకు వెళ్లొచ్చు. నోటిమాటగా "తర్వాత చూసుకుందాం" అనుకోకండి. రాజీ కాగితంలో వాయిదాల తేదీలు, ఒక వాయిదా తప్పితే ఏమవుతుందో, కేసు ఎవరు ఎప్పుడు ఉపసంహరించుకుంటారో, హామీగా ఇచ్చి ఎదుటివారి బీరువాలో ఉన్న మిగతా సెక్యూరిటీ చెక్కులు నంబర్లతో సహా ఏ రోజు తిరిగిస్తారో అన్నీ రాయించండి.