సి డ్రైవ్ ఖాళీ చేద్దాం – 2వ పాఠం: టెంపరరీ ఫైళ్లు

పోయిన పాఠంలో సి డ్రైవ్‌లో ఏ ఫోల్డర్ ఎంత జాగా తింటోందో చూశాం కదా, ఆ లెక్క ఎక్కడైనా రాసి పెట్టుకున్నారా? లేకపోతే ముందు ఆ పని చేసి రండి. ఇవాళ తీసేయడం మొదలుపెడుతున్నాం, ఎంత తగ్గిందో తెలియాలంటే పాత లెక్క చేతిలో ఉండాలి.

ఈ పాఠం మొత్తానికి ఒకటే రూలు. విండోస్ ఫోల్డర్ లోపల ఉన్న దేన్నీ మన చేత్తో డిలీట్ చేయొద్దు, అది పెట్టుకున్నవి దాని చేతే తీయిద్దాం.

సెట్టింగ్స్ తెరిచి సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్‌లోకి వెళ్లండి. కాసేపు లెక్కలు వేసుకుని ఒక జాబితా చూపిస్తుంది, ఒక్కోదాని పక్కన సైజూ టిక్ పెట్టుకునే గడీ ఉంటాయి. ఇక్కడే తొందరపడొద్దు. జీబీలకు జీబీలు కనిపిస్తున్నాయి కదా అని అన్నిటికీ టిక్ కొట్టేస్తారు చాలామంది, కానీ ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది చూడండి. పేరుకే అది టెంపరరీ, లోపల ఉండేవన్నీ మీ ఫైళ్లే: మెయిల్‌లో వచ్చిన సర్టిఫికెట్లు, ఫొటోలు, తర్వాత చదువుదామని దించుకున్న పీడీఎఫ్‌లు. పైగా ఇక్కణ్నుంచి తీసినవి రీసైకిల్ బిన్‌లోకి కూడా పోవు, పోతే పోయినట్టే. దీన్ని తెచ్చి ఈ జాబితాలో ఎందుకు పెట్టారో నాకైతే మింగుడుపడదు. దానికి టిక్ ఉంటే తీసేయండి. ఆ ఫోల్డర్‌ను విడిగా తెరిచి, సైజు ప్రకారం వరుస పెట్టుకుని, ఒక్కొక్కటీ చూసి తీసుకోవచ్చు. ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసేసిన సాఫ్ట్‌వేర్ల సెటప్ ఫైళ్లే పైన కనిపిస్తాయి, సగం బరువు అక్కడే దిగిపోతుంది.

థంబ్‌నెయిల్స్ (ఫొటోలూ వీడియోల చిన్న బొమ్మలు), డెలివరీ ఆప్టిమైజేషన్ ఫైల్స్ (అప్‌డేట్ల కోసం దించి పెట్టుకున్నవి) లాంటివి నిశ్చింతగా తీయొచ్చు, కావలసినప్పుడు మళ్లీ అవే తయారవుతాయి. రీసైకిల్ బిన్‌కి టిక్ పెట్టే ముందు మాత్రం ఒకసారి తెరిచి చూడండి. డిలీట్ కొట్టినా జాగా పెరగలేదంటే కారణం సాధారణంగా ఇదే, ఫైలు ఇంకా అందులోనే కూర్చుని ఉంటుంది.

ఈమధ్యే విండోస్ కొత్త వెర్షన్‌కి మారి ఉంటే, ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్ అని బాగా పెద్ద సైజుతో ఒకటి కనిపించొచ్చు. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లే దారి అదే. మామూలుగా 10 రోజుల తర్వాత విండోసే దాన్ని తీసేస్తుంది. ప్రింటరూ, మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్లూ కొత్త వెర్షన్‌లో సరిగ్గా పనిచేస్తున్నాయని తేలేదాకా అది ఉండనివ్వండి, జాగా కోసం మరీ ఇబ్బందిగా ఉంటే తప్ప.

చాలామంది తీసేద్దామని చూసే ఇంకో ఫోల్డర్ విన్‌ఎస్ఎక్స్ఎస్ (WinSxS), విండోస్ తన భాగాలనూ అప్‌డేట్లనూ దాచుకునేది విండోస్ ఫోల్డర్ లోపలి ఈ ఫోల్డర్‌లోనే. దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే గుండె గుభేలుమంటుంది, అంత సైజు. అయితే ఆ అంకె పూర్తిగా నిజం కాదు. అందులోని ఫైళ్లలో చాలావాటికి హార్డ్ లింకులు ఉంటాయి, అంటే డిస్క్ మీద ఉన్న ఒకే ఫైలు రెండు ఫోల్డర్లలో రెండు పేర్లతో కనిపిస్తుంది, ఎక్స్‌ప్లోరర్ దాన్ని రెండు చోట్లా లెక్కేస్తుంది. చేత్తో తీస్తే సిస్టమ్ ఆన్ కాకుండా కూడా పోవచ్చు. అక్కడి పాత అప్‌డేట్లు పోవాలంటే ఇదే జాబితాలో విండోస్ అప్‌డేట్ క్లీనప్‌కి టిక్ పెడితే చాలు. విండోస్ లోపలి ఇన్‌స్టాలర్ ఫోల్డర్ జోలికీ వెళ్లొద్దు, అది లేకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లు అప్‌డేట్ కావు, అన్‌ఇన్‌స్టాల్ కూడా కావు.

ఇప్పుడు అభ్యాసం. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, టెంపరరీ ఫైల్స్‌లో డౌన్‌లోడ్స్, ఇంకా ఉంచుకోవాలనుకుంటే ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్ తప్ప పైన చెప్పుకున్నవి ఎంచుకుని రిమూవ్ ఫైల్స్ నొక్కండి, తర్వాత ఖాళీ ఎంత పెరిగిందో పాత లెక్క పక్కనే రాసుకోండి. ఒకటో రెండో జీబీలే పెరిగితే టెన్షన్ పడకండి, బరువు వేరే చోట ఉందన్నమాట. హైబర్నేషన్ ఫైలు అని ఒకటి కంటికి కనపడకుండా సి డ్రైవ్‌లో పడుకుని ఉంటుంది, వచ్చే పాఠంలో దాని సంగతి చూద్దాం.