మెడ, భుజం పట్టేసినప్పుడు చేతితో చేసే మర్దన

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు తలపై కట్టెలమోపులు మోసే మన ఆడవారికి మెడకూ భుజానికీ నడుమనున్న కండ గట్టిపడి, తల తిప్పలేనంతగా సలపడం కద్దు. అటువంటివారిని కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఒడిలో పెట్టుకోమని చెప్పి, గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన తువ్వాలుతో 10 నుంచి 15 నిమిషాలు కాపడం పెట్టాలి. తర్వాత కొద్దిగా నువ్వుల నూనె రాసి, అరచేతితో మెడ నుంచి భుజం చివరి వరకు నెమ్మదిగా నిమురుతూ పోతే, చర్మం కింద శనగగింజంత గట్టి ముడి తరచుగా చేతికి తగులుతుంది. దానిపై బొటనవేలి మెత్తని భాగాన్ని ఆనించి, వారు నిదానంగా ఊపిరి తీసి వదులుతుండగా 30 సెకన్లు నిలకడగా అదమాలి. ముఖం చిట్లిస్తే బలం తగ్గించాలి.

వెన్నుపూసల మీద, గొంతు పక్కన నాడి కొట్టుకునే చోట ఎన్నడూ నొక్కకూడదు. మెడను టక్కున విరిచే అలవాటును నేను గట్టిగా వ్యతిరేకిస్తాను, ఎందుకంటే అరుదుగానైనా మెదడుకు రక్తం చేరవేసే నాళం చీలే ప్రమాదం అందులో ఉంది.

చేయి తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, జ్వరమున్నా, కిందపడిన తర్వాత నొప్పి మొదలైనా, ఛాతీలోకి పాకినా మర్దన మాని వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.