అర లీటరు సముద్రపు నీళ్లతో ఏడో తరగతి

మా బడి మైపాడు దగ్గర. సముద్రానికి సైకిలు మీద పోయి రావచ్చు. అందుకే ఏటా ఫిబ్రవరిలో ఏడో తరగతి పిల్లల చేత ఉప్పు పండిస్తాను. ఒకసారి తెలివి తక్కువై నవంబరులో మొదలుపెట్టి, వాన వచ్చినప్పుడల్లా పళ్లేలు లోపలికి మోశాం. మీరు ఎండలు ముదిరాకే పెట్టుకోండి.

30 మంది ఉంటే ఆరుగురు చొప్పున ఐదు జట్లు. జట్టుకు అర లీటరు సముద్రపు నీళ్లు. మూడు జట్లకు వెడల్పాటి స్టీలు పళ్లేలు, ఒకదానికి గిన్నె, ఒకదానికి చెంబు ఇవ్వండి. ఎందుకలా ఇచ్చారో చెప్పొద్దు. నీళ్లను పాత పంచె గుడ్డ నాలుగు మడతలేసి వడకట్టించాలి, లేకుంటే ఇసుక కూడా తూకంలోకి వస్తుంది. పైన దోమతెర ముక్క కప్పితే దుమ్ము పడదు. కుక్కలు మూతి పెట్టకుండా కాపలా వంతులవారీగా.

నోటుబుక్కు రాసే పని ఫస్ట్ ర్యాంకు పిల్లకు ఇవ్వకండి. ఇచ్చారో, మిగతా ఐదుగురూ చేతులు కట్టుకుని నిలబడతారు. మా బడిలో ఆ పిల్లకు కుక్కల కాపలా.

రోజూ స్కేలుతో నీటి లోతు కొలిపించండి. 30 సెంటీమీటర్ల పళ్లెంలో అర లీటరు పోస్తే లోతు 7 మిల్లీమీటర్లే. మంచి ఎండకు రెండు మూడు రోజుల్లో పలుకులు కడుతుంది. చెంబులో నీళ్లు చెంబులోనే ఉంటాయి. అప్పుడు పళ్లేన్నీ చెంబు మూతినీ గ్రాఫ్ పేపరు మీద బోర్లించి గీయించి, గళ్లు లెక్కపెట్టించండి. పళ్లెం 700 చదరపు సెంటీమీటర్లు దాటింది, చెంబు మూతి 40 కూడా లేదు. ఉప్పు మడుల్లో నీళ్లు అంత పలచగా ఎందుకు పరుస్తారో ఒక పిల్లాడే చెప్పాడు.

తూకానికి కిరాణా కొట్టు కాటా చాలు. 15 నుంచి 17 గ్రాములు రావాలి. నిరుడు ఒక జట్టుకు 24 వచ్చింది.

"ఏందబ్బయా, ఇంట్లోంచి తెచ్చి కలిపారా?" అని మిగతావాళ్లు మీద పడ్డారు. నేను నోరు మెదపలేదు. ఒక పిల్ల వేలితో తాకి, చెమ్మగా ఉందని మళ్లీ ఎండలో పెట్టించింది. సాయంత్రానికి 18. తెల్లారి తూస్తే 20! వద్దన్నా వినకుండా నాలుకకు అంటించుకుని "చేదు మేడం" అంది. మెగ్నీషియం లవణాలు గాలిలో తేమను లాక్కుంటాయని అప్పుడు చెప్పాను. మడుల్లో చివరి చేదు నీటిని ఆరనివ్వకుండా బయటికి వదిలేది అందుకే. ఆ గంటలో లెక్కల పీరియడు కూడా పోయింది, లెక్కల సారు ఏమీ అనుకోలేదు.

సోషల్‌కు ఒక్క ప్రశ్న చాలు: మీరు పండించిన ఉప్పుకు పన్ను కడతారా? గొడవ సద్దుమణిగాక 1930 సంగతి చెప్పండి. 24 రోజుల నడక, ఏప్రిల్ 6న దండిలో గాంధీజీ ఉప్పు చట్టాన్ని ధిక్కరించడం. 1921లో గాంధీజీ ప్రారంభించిన పల్లెపాడు ఆశ్రమం మాకు దగ్గరే కాబట్టి ఒక పూట తీసుకుపోతాం. తెలుగుకు, ఉప్పు మాటున్న సామెతలు ఇంట్లో అవ్వనడిగి రాసుకు రమ్మంటాను. ఇంగ్లీషుకు పెద్దగా ఏమీ చేయను, చేసిన పని ఐదు వాక్యాల్లో రాస్తారు, అంతే.

చెంబు జట్టుకు మాత్రం వాళ్లంతట వాళ్లు అడిగేదాకా పళ్లెం ఇవ్వకండి. మావాళ్లు తొమ్మిదో రోజు అడిగారు.